పాతాళం రైలు – 11: కొబ్బరితాడు కట్టిందెవరు?

పోయిన వారం సారమ్మను నంద్యాల బస్టాండులో, ఆళ్లగడ్డ బస్సు మెట్టు మీద వదిలిపెట్టాం. ఈ వారమే పత్రిక చేతికి వచ్చినవాళ్ల కోసం అంతవరకూ జరిగింది నాలుగు ముక్కల్లో చెప్తాను.

సారమ్మది దూది మిల్లులో కూలిపని. తల్లి పోయిన ఇంట్లో తమ్ముడు శాంతయ్యను తానే ఎత్తుకుని పెంచింది. శాంతయ్య రైల్వే ఫిట్టరు. నంద్యాల సన్న పట్టాల లైనులో పని నేర్చినవాడు. అతని పనితనం చూసి పైవాళ్లు మద్రాసుకు పంపారు. అక్కడ అతనికి దొరికింది విచిత్రమైన పని. కలకత్తాలో నేలకింద సొరంగంలో నడిచే రైలుకు పెట్టెలు మద్రాసులో తయారవుతున్నాయి. సొరంగం మద్రాసు దాకా లేదు కదా! ఆ పెట్టెలు మామూలు పట్టాల మీద, మామూలు ఇంజన్ వెనకాల, గూడ్సు సరుకులాగా ఈడ్చుకుంటూ పోవాల్సిందే. వాటి వెంట కలకత్తా దాకా పోయి అప్పజెప్పి వచ్చే ముగ్గురు మనుషుల్లో శాంతయ్య ఒకడు. నంద్యాలలో అందరూ దాన్ని పాతాళం రైలు అంటారు.

ఆ పెట్టెల అడుగున పక్కకు పొడుచుకొచ్చే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. సొరంగంలో పట్టాల పక్కన పరిచిన కరెంటు కమ్మీని తాకి అది కరెంటు అందుకుంటుంది. బయటి లైనులో దానికి పని లేదు. పైగా ప్లాట్‌ఫారం అంచుకో, సిగ్నలు తీగకో తగులుతుంది. అందుకని దారి పొడుగునా దాన్ని పైకి మడిచి ఇనుప తీగతో బిగించి కట్టి ఉంచాలి. ఆ కట్టు కట్టేది శాంతయ్య.

నవంబరు తుపానుకు కోస్తా లైను తెగింది. ఆ విడత పెట్టెలను కడప, గుత్తి మీదుగా చుట్టు తిప్పి పంపారు. చింతలకుంట అనే చిన్న స్టేషన్లో ఒక చెయ్యి ఊడి కిందికి వాలి, ప్లాట్‌ఫారం అంచు బండను కొట్టింది. బండ పెచ్చు ఎగిరి, జెండా పట్టుకుని నిలబడ్డ పాయింట్స్‌మన్ దాసరయ్య కణతకు తగిలింది. అతను అక్కడికక్కడే పోయాడు. ఊడిన చేతికి తెగిన కొబ్బరితాడు వేలాడుతూ కనబడింది. "ఇనుప తీగకు బదులు శాంతయ్య కొబ్బరితాడు కట్టాడు" అని ఆ ముగ్గురికీ పెద్ద అయిన ఇన్‌చార్జి లక్ష్మీనారాయణ రిపోర్టు రాశాడు. మూడో మనిషి, చేతికింద సాయం చేసే ఖలాసీ ఆదెన్న, ఆ మాట నిజమేనని వేలిముద్ర వేసి కనబడకుండా పోయాడు. శాంతయ్య సస్పెండయ్యాడు. విచారణ రేపు పది గంటలకు, నంద్యాల స్టేషన్లోనే.

ఆదెన్న ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో ఉన్నాడని నిన్న సాయంత్రమే సారమ్మ చెవిన పడింది.

* * *

బస్సు దిగేసరికి పన్నెండు కావస్తోంది. రోడ్డు పొడుగునా రాతి షెడ్లు. ఉలి దెబ్బలు ఒకదాని మీద ఒకటి పడుతూ, ఊరంతా పళ్లు కొరుకుతున్నట్టు ఉంది. ఒక్కో షెడ్డు ముందూ సగం చెక్కిన దేవుళ్లు ఎండలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. సారమ్మ మూడు షెడ్లలో అడిగింది. నాలుగో షెడ్డులో అడగాల్సిన పని లేకపోయింది.

ఆదెన్న నేల మీద కూర్చుని, ఒక నంది వీపును సానరాయితో రుద్దుతున్నాడు. ఒంటి నిండా రాతిపొడి. రెప్పల మీద కూడా తెల్లగా పేరుకుంది. నీళ్లు చల్లుకుంటూ, తల ఎత్తకుండా రుద్దుతున్నాడు. ఎదురుగా నీడ పడితే తల ఎత్తాడు.

సారమ్మను అతను ఇంతకుముందు రెండుసార్లు చూశాడు. రెండుసార్లూ ఆమె చేతి అన్నం తిన్నాడు.

సానరాయి వదిలేసి లేచాడు. షెడ్డు వెనక వైపు రెండడుగులు వేశాడు. సారమ్మ అతని భుజం మీది తువ్వాల కొస పట్టుకుంది.

"యాడికి పోతాండావ్?"

"అక్కా, ఇడ్సు."

"ఇడ్సను. రెండు నెలలు దాక్కున్యావు గదా, సాలదా? ఇంగ యాడికి పోతావ్? అడివికి పోతావా? నేనూ వస్తా పద."

షెడ్డులో ఉలి దెబ్బలు ఆగిపోయాయి. నలుగురు పనివాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. షెడ్డు యజమాని, గడ్డం నెరిసిన పెద్దమనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "ఏందమ్మా ఇది? పనికాడ గలాటా?" అన్నాడు.

"గలాటా గాదు నాయనా. ఈ మనిసి నా ఇంట్లో కూసోని అన్నం తిని, నా తమ్ముని మింద అబద్ధం సెప్పి, వేలు ముద్రేసొచ్చినాడు. ఎందుకేసినావని అడగను వచ్చినా. అడగొద్దంటావా?"

పెద్దమనిషి ఆదెన్న వైపు చూశాడు. ఆదెన్న తల వంచుకున్నాడు. పెద్దమనిషి కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకుని, "అడుగు తల్లీ. నిలబెట్టి అడుగు" అని తన ఉలి అందుకున్నాడు.

సారమ్మ తువ్వాల వదల్లేదు.

"మా శాంతయ్య తీగ కట్టడం నువ్వు సూసినావా లేదా?"

"సూసినా."

"ఎన్ని సుట్లు కడ్తాడు?"

ఆదెన్న తడి చేతులు ఒంటికి తుడుచుకున్నాడు.

"సెప్పు. ఎన్ని సుట్లు?"

"ఏడు. ఏడు సుట్లేసి, కొసలు మెలిపెట్టి, మెలికను లోపలికి వంచుతాడు. ప్రతి స్టేషన్లో దిగి సేత్తో తడిమి సూస్తాడు. మద్రాసులో పెద్ద సార్లు గూడా వాని కట్టు సూసి నేర్సుకోండ్రి అని అందరికీ సెప్పేవాళ్లు."

"మరి కొబ్బరితాడు యాన్నుంచి వచ్చింది? పాతాళంలో నుంచి మొలిచిందా?"

ఆదెన్న నంది పక్కన కూలబడ్డాడు. సారమ్మ కూర్చోలేదు. అతని ఎదుట నిలబడే ఉంది. పొద్దున్నుంచి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. కడుపులో ఆకలి ఎప్పుడో కోపంగా మారిపోయింది.

"నా తమ్ముడు రెండు నెలలుగా ఇంట్లోనుంచి బయటికి రాలేదప్పా. గడ్డం గీసుకోడు. రైలు కూత ఇనబడితే సెవులు మూసుకుంటాడు. వీధిలో పిల్లోళ్లు ఏమంటాండారో ఎరికేనా? మనిసిని సంపిన ఫిట్టరు అంటాండారు. వాడు ఒక బోల్టు సరిగ్గా బిగించలేదంటే నిద్రపోయేవాడు గాదు. వాన్ని పట్టుకోని మనిసిని సంపినోడు అంటే, ఆ మాట నా కడుపులో ఎట్ల దిగుతుంది? నువ్వు సెప్పు!"

చివరి మాట ఆమె అరిచింది. రోడ్డు మీద పోయే ఎద్దులబండివాడు కూడా తిరిగి చూశాడు.

"విప్పింది నేనేనక్కా" అన్నాడు ఆదెన్న.

సారమ్మ చేతిలోంచి తువ్వాల జారిపోయింది.

* * *

ఆదెన్న చెప్పింది ఇదీ.

ఆ రోజు గూడ్సుబండికి దారి ఇవ్వడానికి వాళ్ల పెట్టెలను ఓబులాపురం రోడ్డు అనే స్టేషన్లో రెండు గంటలకు పైగా నిలిపేశారు. ఎనిమిది పెట్టెలు. అద్దాలకు దెబ్బ తగలకుండా చెక్కలు కొట్టి ఉన్నాయి. వాటి కొక్కెం మామూలు ఇంజన్ కొక్కేనికి అతకదు కాబట్టి నడుమ ఒక వ్యాగను పెట్టి, దానికి ఒక కొసన ఆ రకం కొక్కెం, ఇంకో కొసన ఈ రకం కొక్కెం బిగించి తెస్తున్నారు. దారిలో ప్రతి ఊళ్లోనూ జనం పొలాలు వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్లు. సొరంగంలో తిరిగే రైలు వెలుతురులో ఎట్లా ఉంటుందో చూడాలని అందరికీ ఆశే.

లక్ష్మీనారాయణ బావమరిదికి బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ ఉంది. ఆయన జీపులో పెండ్లాం పిల్లలతో వచ్చాడు. ముందే కబురు పోయినట్టుంది. లక్ష్మీనారాయణ సీలు వేసిన తలుపు తీయించాడు. పిల్లలు కొత్త సీట్ల మీద ఎగిరి దూకారు. నిలబడే ప్రయాణికులు పట్టుకునే పిడులకు వేలాడి ఊగారు. ఆ బావమరిది ఫోటోలు తీశాడు. తర్వాత కిందికి దిగి, "కరెంటు అందుకునే చెయ్యి అంటావు కదా బావా, అది ఎట్లా కదులుతుంది? చూపించు" అన్నాడు.

"శాంతన్న ఆ టైములో ఆడ లేడు" అన్నాడు ఆదెన్న. "వేగం ఎక్కువైతాంది, పెట్టెలు అదుర్తాండాయి, ముప్పై దాటించొద్దు అని డ్రైవరుకు సెప్పను ఇంజన్ కాడికి పోయినాడు. లచ్చినారాయణ సార్ నన్ను పిల్సి, కట్టు ఇప్పురా అన్న్యాడు. శాంతన్న వచ్చినాక ఇప్పుదాం సార్ అన్న్యా. నీకు జీతమిప్పించేది శాంతన్ననా నేనా అన్న్యాడు."

"ఇప్పినావు."

"తీగ ఇప్పను రాలేదక్కా, అంత గట్టి కట్టు. కట్టరు పెట్టి తెంచినా. ఆ చెయ్యి కిందికీ మీదికీ ఆడిచ్చి సూపిచ్చినాడు సారు. పిల్లోళ్లు సప్పట్లు కొట్టినారు. మళ్లా కడదామంటే తీగ లేదు. కొత్త తీగ శాంతన్న పెట్టెలో ఉంది, తాళంసెవి ఆయప్ప మొలతాడుకుంది. జీపులో సామాన్లు కట్టిన కొబ్బరితాడు ఇప్పి ఇచ్చినాడు సారు బావమరిది. ఇది నిలవదు సార్, శాంతన్నకు సెప్పి తీగ కట్టిద్దాం అన్న్యా. తలుపు సీలు తీసిన సంగతి బయట పడుతుంది, నోరు మూసుకో, గుత్తి దాకా నిలిస్తే సాలు అన్న్యాడు."

"శాంతయ్య ఒచ్చినాక తడిమి సూళ్లేదా? ప్రతి స్టేషన్లో సూస్తాడంటివి?"

"సూడబోయినాడక్కా. ఈ పక్క నాలుగు పెట్టెలు సూసి, ఆ పక్కకు పోతాంటే సిగ్నలు పడింది. మిగిల్నాయి నేను సూసినా, పదండి పదండి అని సారు సెయ్యి పట్టుకోని ఎక్కిచ్చినాడు. నేను పక్కనే ఉండా. నోరు తెర్సినా. మాట రాలే. సారు నన్ను సూసిన సూపుకు మాట రాలే."

అక్కడి నుంచి చింతలకుంట మూడో స్టేషను, నడుమ రెండింట్లోనూ బండి ఆగలేదు. నలభై నిమిషాల ప్రయాణం. ఆ నలభై నిమిషాలూ ఆదెన్న కిటికీ చెక్కల సందులోంచి కిందికి చూస్తూనే ఉన్నాడు. శాంతయ్య అతని పక్కనే కూర్చుని సొరకాయ కూర, సద్దరొట్టె ఆకులో పెట్టి, "తిను ఆదెన్నా, ఏందట్లుండావు, జొరమా?" అని అడిగాడు.

"అప్పుడన్నా సెప్పుంటే..." అని ఆదెన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "దాసరయ్య మాకు ఎవురో గాదక్కా. మా గూడెం పక్క గూడెమోడు. కొండ దిగి రైల్వేలో నౌకరి సంపాయించిన మొదటోడు. వాన్ని సూసే నేనూ వచ్చినా. రాజమ్మ శవం మింద పడి ఏడుస్తాంటే నేను ఆడ నిలబడలేకపోయినా. ఆయమ్మ మొగం సూసే దమ్ము లేక ఈడ రాళ్లు రుద్దుకుంటాండా."

జాలిపడే మాట ఏదన్నా వస్తుందని అందరూ సారమ్మ వైపు చూశారు. ఆమె మొహంలో జాలి లేదు.

"ఏడ్సు. బాగా ఏడ్సు. నీ కండ్ల నీళ్లతో దాసరయ్య లేసొస్తాడా? నా తమ్ముని పేరు కడుక్కోను వస్తుందా?"

"నేనేం సేసేదక్కా?"

"రేపు నాతో రా. ఇప్పుడు సెప్పింది ఆ ఆఫీసరుకు సెప్పు."

"ఇప్పింది నేనే అని సెప్తే నన్ను లోపలేస్తారు."

"ఏస్తారు. ఏస్తే పో. నువ్వు సేసిన దానికి నువ్వు పోతావు. నా తమ్ముడు ఏం సేసినాడని పోవాల? లోపల ఉంటే నీకు అన్నం నేను తెస్తా. మిల్లులో పనికి పొయ్యే దారే. రోజూ తెస్తా. కానీ అబద్ధం సెప్పి ఈడ దేవుళ్లను రుద్దుకుంటా కూసుంటావే, దానికి మాత్రం నేను ఒప్పుకోను. నువ్వు లేచిందాకా నేనూ ఈన్నుంచి లేసేది లేదు."

అప్పుడు కూర్చుంది సారమ్మ. నంది ముందు, రాతిపొడిలో, చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఒక గంట గడిచింది. పనివాళ్లు అన్నాలు తిన్నారు. పెద్దమనిషి తన క్యారియర్ గిన్నె ఒకటి ఆమె ముందు పెడితే ఆమె పక్కకు జరిపింది. ఆదెన్న సానరాయి చేతిలోకి తీసుకున్నాడు, రుద్దబోయాడు, చెయ్యి ఆడలేదు.

రెండు దాటిన తర్వాత అతను లేచి తొట్టి దగ్గరికి పోయాడు. చెంబుతో నీళ్లు తలమీద పోసుకున్నాడు. రాతిపొడి కారిపోయి కింద నల్లటి మనిషి బయటపడ్డాడు. పెద్దమనిషి దగ్గరికి వచ్చి, "రేపు పనికి రానయ్యా. ఎప్పుడొస్తానో గూడా తెల్దు" అన్నాడు.

"ఎప్పుడొచ్చినా ఆ నంది నీదే. ఇంకొకరిని ముట్టనియ్యను, పో" అన్నాడు పెద్దమనిషి.

* * *

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు, ఆళ్లగడ్డ నుంచి తొలి బస్సుకు వచ్చి, సారమ్మ, ఆదెన్న నంద్యాల స్టేషన్ మెట్లెక్కుతుంటే బయ్యన్న ఎదురొచ్చాడు.

బయ్యన్న కార్మికుల నాయకుడు. రైల్వే కార్మికుడికి విచారణ జరిగితే పక్కన కూర్చుని మాట సాయం చేయడానికి ఒకరిని పెట్టుకోవచ్చు. శాంతయ్య తరఫున కూర్చునేది ఆయనే. ఈ రెండు నెలల్లో సారమ్మ ఇంటికి పది సార్లు వచ్చి ఉంటాడు. వచ్చినప్పుడల్లా, "నువ్వేం దిగులు పెట్టుకోవద్దక్కా, దస్త్రం మొత్తం నేను సూసుకుంటా" అని టీ తాగి వెళ్లేవాడు.

ఆదెన్నను చూసి అతని అడుగు ఆగింది.

"ఈయప్పను యాడ పట్టుకొచ్చినావక్కా?"

"ఆళ్లగడ్డలో. నిజం సెప్పను వచ్చినాడు."

"నాకు ముందు ఒక మాట సెప్పాల్సింది" అన్నాడు బయ్యన్న. తర్వాత నవ్వాడు. "మంచిదే, మంచిదే. పదండి."

విచారణ కోసం రెస్టు రూములో మంచాలు గోడకు నిలబెట్టి, నడుమ బల్ల వేశారు. విచారణాధికారి వెంకటేశ్వర్లు పెద్ద వయసు మనిషి. మాట తక్కువ. ప్రతి మాటనూ తానే రాసుకుంటాడు. బల్లకు ఒక పక్క లక్ష్మీనారాయణ ఇస్త్రీ చొక్కాలో, ఒళ్లో తోలు సంచితో కూర్చున్నాడు. ఇంకో పక్క శాంతయ్య. ఇరవై తొమ్మిదేళ్లవాడు నలభై ఏళ్లవాడిలాగా ఉన్నాడు. అక్కను చూసి తల దించుకున్నాడు. ఆదెన్నను చూసి మళ్లీ ఎత్తాడు. బయ్యన్న పోయి శాంతయ్య పక్క కుర్చీలో కూర్చున్నాడు.

ఆదెన్న నిలబడే చెప్పాడు. షెడ్డులో చెప్పినట్టే చెప్పాడు. జీపు, ఫోటోలు, చప్పట్లు, కట్టరు, తాడు. ఒక్క ముక్క దాచలేదు. "ఇప్పింది నా సేతులే. ఇప్పమన్నది ఆ సారు" అని వేలు చూపించాడు.

వెంకటేశ్వర్లు కలం ఆపి, "మొదటి వాంగ్మూలంలో వేరుగా చెప్పావు కదా?" అన్నాడు.

"నాకు సదువు రాదు సార్. కాగితం మింద ఏముందో నాకు ఎవురూ సదివి ఇనిపియ్యలే. ఈడ వేలెయ్యి అన్న్యారు, ఏసినా. కానీ అది అబద్ధమని మాత్రం నాకు ఎరికే. తప్పు నాది."

లక్ష్మీనారాయణ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఒక మనవి. ఇతను అడవిలో తేనె పట్టుకునే కులం వాడు. వాళ్లకు రోజుకొక మాట. రెండు నెలలు పరారీలో ఉన్నాడు. ఇప్పుడు ఈమె వెంట దిగాడు, ఏం తాగించి తెచ్చిందో..."

"నోరు మూసుకో!"

సారమ్మ గొంతు ఆ గదిలో ఉలిదెబ్బలాగా పడింది. ప్లాట్‌ఫారం మీద కూలీలు కిటికీ దగ్గరికి వచ్చారు.

"తేనె పట్టుకునేవాళ్లు నీ మాదిరి సచ్చినోని నెత్తురు కడిగి ఇంకొకరి సేతికి పుయ్యరు. నీ బామ్మరిది పిల్లోళ్లు ఊగను మనిసి ప్రాణం కావాల్సొచ్చిందా నీకు? ఎనిమిది పెట్టెలు తోలుకోని పొయ్యే పెద్దమనిసివి, ఏడు సుట్లు తీగ ఇలవ తెల్దా నీకు? ఆ ఖలాసీ నీకంటే గొప్పోడు. వాడు నేను సేసినా అని నిలబడినాడు. నువ్వు కూసున్యావు సూడు, కాలు మింద కాలేసుకోని!"

"అమ్మా, కూర్చో" అన్నాడు వెంకటేశ్వర్లు. గట్టిగా అనలేదు. లక్ష్మీనారాయణ వైపు తిరిగి, "ఓబులాపురం రోడ్డులో తలుపు సీలు తీశారా?" అని అడిగాడు.

"లేదు సార్."

"కలకత్తాలో అప్పజెప్పిన కాగితంలో ఐదో పెట్టె సీలు నంబరు మారి ఉంది. నేను తెప్పించుకున్నాను."

లక్ష్మీనారాయణ కాలు మీది కాలు కిందికి దిగింది. ఆ ఒక్క క్షణం కోసమే సారమ్మ రెండు నెలలు బతికింది. తమ్ముడి వైపు చూసింది. అతను సంతోషపడతాడనుకుంది. శాంతయ్య మొహం మాత్రం కాలిన గుడ్డలాగా ఉంది.

లక్ష్మీనారాయణ సంచి తెరిచాడు. తీయాల్సిన కాగితం వెతక్కుండానే తీశాడు.

"సీలు సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు ఇది చూడండి. మొన్న ఆదివారం తారీఖు."

వెంకటేశ్వర్లు కాగితం తీసుకుని పైకి చదివాడు. "తీగ అయిపోయినందున నేనే కొబ్బరితాడు కట్టితిని. దాసరయ్య మరణమునకు నేనే బాధ్యుడను. ఎవరి బలవంతము లేక ఒప్పుకొనుచున్నాను. ఇట్లు, ఫిట్టరు శాంతయ్య."

ఆదెన్న నోరు తెరుచుకుని శాంతయ్యనే చూస్తున్నాడు.

"శాంతయ్యా, ఇది నీ సంతకమేనా?"

శాంతయ్య అధికారి వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు.

"నాదే."

"ఎందుకు పెట్టినావురా?" సారమ్మ లేచి నిలబడింది. "సేయని దానికి ఎందుకు పెట్టినావు? నేను ఊర్లెంట తిరిగి ఈయప్పను తెస్తాంటే, నువ్వు ఇంట్లో కూసోని సంతకం పెట్టినావా? నా మొగాన మన్ను కొట్టను నీకు సేతులెట్ల వచ్చినాయిరా?"

ఆమె చెయ్యి పైకి లేచింది. శాంతయ్య తప్పుకోలేదు.

"కొట్టొద్దు తల్లీ. ఆ సంతకం నేనే పెట్టిచ్చినా."

గొంతు తలుపు దగ్గరి నుంచి వచ్చింది. బక్కపల్చటి ఆడమనిషి గడప అవతల నిలబడి ఉంది. బోసిమెడ. కాళ్లకు చెప్పులు లేవు. మోకాళ్ల దాకా దుమ్ము. ఆదెన్న ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు. దాసరయ్య భార్య రాజమ్మ.

"ఆదివారం ఈయప్ప ఇంటికాడికి పోయి కాళ్లు పట్టుకున్యా సార్" అంది రాజమ్మ, వెంకటేశ్వర్లును చూస్తూ. "తప్పు ఎవురూ ఒప్పుకోకపోతే, నా మొగుడే తాగి గీత దాటి నిలబడినాడని రాస్తారంట. అట్ల రాస్తే నా మొగుని బదులు నాకిచ్చే నౌకరి రాదంట. నౌకరి పోతే పోనీ సార్, రాళ్లు కొట్టుకోని బతుకుతా. కానీ నా మొగుడు సారా వాసన గూడా ఎరగడు. సచ్చినాక తాగుబోతు అని రాస్తారంటే తట్టుకోలేకపోయినా. నా మొగుని పేరు కాపాడయ్యా అని అడిగినా. ఈయప్ప ఒక్క మాట గూడా మాట్లాడకుండా సంతకం పెట్టినాడు. ఇంటికి పోయినాక మూడు దినాలు నాకు అన్నం దిగలే. ఒకరి మొగుని పేరు కోసం ఇంకొకరి తమ్ముని పేరు తీసినానే అని. సెప్పేసి పోదామని నడిసొచ్చినా."

సారమ్మ ఎత్తిన చెయ్యి అట్లాగే తమ్ముడి తలమీదికి దిగింది. కొట్టడానికి కాదు. ఆ తల తన కడుపుకు ఆనించుకుంది.

వెంకటేశ్వర్లు కలం మూత పెట్టాడు. "తాగి నిలబడ్డాడని రాస్తారని నీకు ఎవరు చెప్పారమ్మా? నేను ఎక్కడా అట్లా రాయలేదే. ఈయనేనా?"

లక్ష్మీనారాయణ కుర్చీలో వెనక్కి జరిగాడు.

రాజమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. చెయ్యి ఎత్తింది. ఆ వేలు లక్ష్మీనారాయణ మీది నుంచి ఆగకుండా పోయింది. శాంతయ్యను దాటింది. అతని పక్క కుర్చీ దగ్గర ఆగింది.

"ఈ సారు. మా గూడేనికి రెండుసార్లు వచ్చినాడు. కాగితం రాసి తెచ్చింది, సంతకమైనాక తీసుకోని పోయింది గూడా ఈ సారే."

సారమ్మ తల తిప్పి చూసేసరికి బయ్యన్న కుర్చీ ఖాళీగా ఉంది. అతను దస్త్రం చంకన పెట్టుకుని, తొందర లేనట్టు నటిస్తూ, తలుపు వైపు నడుస్తున్నాడు.

తలుపుకు అడ్డంగా ఆదెన్న నిలబడి ఉన్నాడు.

"యాడికి పోతాండావ్?" అన్నాడు ఆదెన్న.